గ్లవ్‌బాక్స్ వెనక

చదవండి: సంఖ్యాకాండము 11:10–17

ఏసీ వేస్తే ఫ్యాన్ హోరుమంటుంది గానీ గాలి ముఖానికి తగలదు. వానాకాలంలో ముందు అద్దం మీది ఆవిరి ఒకపట్టాన వదలదు. కారంతా ముక్కవాసన. గ్యాస్ తగ్గిందేమో అనుకుంటాం. చాలాసార్లు కారణం అంతకన్నా చిన్నది, క్యాబిన్ ఫిల్టర్ నిండిపోయి ఉంటుంది. బోనెట్ కింద ఇంజిన్‌కుండే ఎయిర్ ఫిల్టర్ వేరు, ఇది వేరు. మార్చడానికి మెకానిక్ అక్కర్లేదు. మన దగ్గర తిరిగే కార్లలో ఎక్కువగా ఇది గ్లవ్‌బాక్స్ వెనక ఉంటుంది. లోపలి సామాను తీసి, పెట్టె రెండు పక్కలనూ లోపలికి నొక్కితే అది కిందికి వాలుతుంది. వెనక సన్నని మూత, దాని క్లిప్పులు వదిలిస్తే ఫిల్టర్ చేతికొస్తుంది. నెమ్మదిగా లాగాలి, లేకపోతే పోగైన చెత్తంతా బ్లోయర్‌లో రాలుతుంది. కొత్తదాని అంచున ఉన్న బాణం గుర్తు గాలి సాగే వైపే చూపాలి.

పాతదాన్ని పారేసే ముందు ఒక్క నిమిషం చూడండి. మడత మడతలోనూ నల్లటి దుమ్ము, ఆకు ముక్కలు, దూదిపింజలు, ఎండిన పురుగులు. అసహ్యించుకోకండి. వెనక సీట్లో నిద్రపోతున్న పిల్లల ఊపిరిలో కలవవలసిన దుమ్ము అది.

మన ఇళ్లలో, సంఘాల్లో ఇలా అడ్డంగా నిలబడేవారున్నారు. అత్తగారి మాట తోడికోడలి దాకా పోనివ్వని పెద్దకోడలు. అప్పులవాళ్ల కేకలు పిల్లల చెవిన పడనివ్వని తండ్రి. ఆరాధన అయ్యాక అందరి గొడవలూ విని, ఏ ఒక్కటీ ఇంకొకరికి చేరవేయని పాస్టరమ్మగారు. కొన్నేళ్లకు వారి మాటలో విసుగు వినిపిస్తుంది. మునుపటిలా లేరని మనం అంటాం. ఎవరి కోసం ఏం దిగమింగారో అడగం.

మోషే అలాగే నిండిపోయాడు. గుడారాల వాకిళ్లలో జనం మాంసం కోసం ఏడుస్తుంటే, ఈ బరువు ఒంటరిగా మోయలేను, చంపెయ్యమని దేవునితోనే అన్నాడు. దేవుడు గద్దించలేదు. ఇంకాస్త ఓర్చుకోమనలేదు. 70 మంది పెద్దలను పోగుచెయ్యమని, మోషే మీదున్న ఆత్మలో పాలు వారికీ ఇచ్చి మోత పంచుతానని మాట ఇచ్చాడు. జనం అడిగిన మాంసం సంగతి ఆ తరువాతే ఎత్తాడు. ఆ వరుస నన్ను ప్రతిసారీ ఆపేస్తుంది. ముందు మోసేవాడి మొర, తరువాతే ఏడ్చేవారి కోరిక.

కాగితపు ఫిల్టర్ నిండితే తీసి పారేస్తాం. దేవుడు మోషేను తీసెయ్యలేదు, పక్కన మనుషులను నిలబెట్టాడు.

ఈరోజు అలాంటి ఒకరి దగ్గరికి వెళ్లండి. మీ కష్టం ఇవాళ్టికి చెప్పకండి. వారి చేతిలోని ఒక పని అడిగి తీసుకోండి: ఆసుపత్రిలో ఉన్నవారిని చూసి రావడమో, పెద్దావిడకు మందులు తెచ్చివ్వడమో.

ప్రార్థన: తండ్రీ, మా దాకా రావలసిన చేదును మధ్యలోనే ఆపినవారిని మాకు చూపించు. వారి మోతలో మా వంతు మాకివ్వు. యేసు నామమున అడుగుతున్నాం. ఆమేన్.