బయలుదేరక మునుపే దాచుకొనిన దారి

ధ్యానభాగములు: కీర్తనలు 119:9–16, అపొ. కార్యములు 17:10–12



తిరుపతినుండి భాకరాపేట, పీలేరుల మీదుగా మదనపల్లెకు పోవువారు నేడు కాగితపు పటమును విప్పుట అరుదు. ఫోను "ఎడమకు తిరుగుడి" అని పలుకును, బండి తిరుగును. ఈ సాధనమును మనము తృణీకరింపము. మన దేశపు దారిచూపు ఉపగ్రహములలో మొదటిది 2013 జూలై 1న, నేటి తిరుపతి జిల్లాలోని శ్రీహరికోటనుండియే పైకి వెళ్లెను. రాత్రివేళ చిత్తూరునుండి రోగిని వేలూరు ఆసుపత్రికి చేర్చువారికి ఆ స్వరము గొప్ప సహాయము.

అయితే ఒక సంగతి గమనింతము. మనమున్న చోటును ఫోను కనీసము నాలుగు ఉపగ్రహముల సంకేతములవలన తెలిసికొనును. దారుల పటము మాత్రము సాధారణముగా టవరు ద్వారా వచ్చును. కొండల నడుమ టవరు అందనప్పుడు, పటమును ముందే ఫోనులో దాచుకొననియెడల, తెరమీద ఒక చుక్క మాత్రమే మిగులును. ఏ దారి ఎటు పోవునో తెలియదు. కాగితపు పటమును సంచిలో ఉంచుకొనినవానికి ఈ చిక్కు లేదు. పాత పటములో క్రొత్త బైపాసు ఉండదు, నిజమే. గాని దానిని చదివినవానికి ఏ ఊరు దాటిన తరువాత ఏ ఊరో మనస్సున నిలుచును.

ఆదివారము బోధ విని, తక్కిన ఆరు దినములు గ్రంథము తెరువని ఇండ్లు మనలో లేకపోలేదు. వినుట మంచిదే. బెరయవారును పౌలు బోధను ఆసక్తితో వినిరి. వినిన సంగతి నిజమా కాదా అని ప్రతిదినము లేఖనములలో వెదకి చూచిరి. అపొస్తలుని మాటను సరిచూచుట వారికి తప్పుగా కాదు, ఘనతగానే ఎంచబడెను.

వానలేక వేరుసెనగ ఎండిన యేడు, అప్పులవాడు గుమ్మమున నిలిచిన దినము, బిడ్డ మంచము పట్టిన రాత్రి — ఇవియే మన ఘాటుదారులు. అప్పుడు పాస్టరు అయ్యగారు ప్రక్కన ఉండకపోవచ్చును. "కానుక పంపుము, మూడు దినములలో నీ బాధ తీరును" అను వింత స్వరమొకటి ఫోనులో వినవచ్చును. దానిని దేనితో సరిచూతుము? ముందే హృదయములో దాచుకొనిన వాక్యముతోనే గదా!

కనుక ఈ మాసము ప్రతి యింట రాత్రి భోజనమునకు మునుపు ఒక అధ్యాయము చదువుదము. చదువురాని తల్లికి బడికి పోవు బిడ్డ చదివి వినిపింపవలెను. వారమునకొక వచనము కంఠతపట్టుదము. దూరప్రయాణము పోవువారు ఇంటివద్దనే పటమును దాచుకొందురు. పరలోకయాత్రికులమైన మనము అంతకంటె అజాగ్రత్తగా ఉండతగునా? ప్రభువు మనకు తోడైయుండును గాక. ఆమేన్.