ఈత నేర్పిన ముసలాయన

ఒక ఊళ్లో ఒక ముసలాయన దిగుడుబావిలో పిల్లలకు ఈత నేర్పేవాడు. నడుముకు జీలుగు బెండ్లు కట్టి, ధైర్యం వచ్చేకొద్దీ ఒక్కొక్కటే తీసేసేవాడు. అయితే ఆయన దగ్గర బారలు వేసి ఈదడం రెండో పాఠం. మొదటి పాఠం వెల్లకిలా తేలడం. పిల్లవాడి వీపు కింద అరచెయ్యి పెట్టేవాడు. కాసేపటికి రెండు వేళ్లే ఆనించేవాడు. ఆ పైన అవీ తీసేసేవాడు. ఆ సంగతి పిల్లవాడికి తెలిసేది కాదు. ఊపిరి అందకపోయినా, కాలు పట్టేసినా నీళ్లతో పెనుగులాడకుండా వెల్లకిలా తిరగడం, చెయ్యెత్తి పిలవడం రోజూ చేయించేవాడు.

పొరుగూళ్లో ఇంకో గురువు ఉండేవాడు. ఆయన శిష్యులు నెల తిరక్కుండానే బావిని ఈ గోడ నుంచి ఆ గోడకు ఈదేసేవారు. అది చూసి చాలామంది తమ పిల్లల్ని అక్కడికి మార్చేశారు.

సంక్రాంతికి చెరువులో ఈత పందెం పెట్టారు. నడి చెరువులో, ఆ చలినీళ్లకు ఇద్దరు పిల్లలకు పిక్కలు పట్టేశాయి. ఒకడు అందరికంటే ముందున్న పొరుగూరి గురువు శిష్యుడు. వాడు గింజుకుని, నీళ్లు మింగి, మునిగిపోతుంటే తెప్పవాడు జుట్టు పట్టి పైకి లాగాడు. రెండోవాడు అందరికంటే వెనకున్న ముసలాయన శిష్యుడు. వాడు వెల్లకిలా తిరిగి, చెయ్యెత్తి, తెప్ప వచ్చేదాకా తేలుతూ ఉన్నాడు. గట్టు మీది జనం ఇద్దర్నీ ఓడినవాళ్ల కిందే జమకట్టారు.

తేడా మర్నాడు తెలిసింది. వెనకబడ్డవాడు ఎప్పటిలాగే బావిలో దూకాడు. ముందున్నవాడు బావి ఛాయలకే రాలేదు. ముసలాయన పిలవని పేరంటంలా వాడి ఇంటికి వెళ్లి, వాణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. నడుముకు అన్ని బెండ్లూ కట్టి, మెట్ల దగ్గరి నీళ్లలో పడుకోబెట్టి, వీపు కింద అరచెయ్యి పెట్టాడు. ఉగాది నాటికి వాడి నడుముకు ఒక్క బెండే మిగిలింది.

నీతి: గెలవడం నేర్పినంత శ్రద్ధగా, ఓడితే నిలదొక్కుకోవడం కూడా ఓడకముందే బడిలో నేర్పాలి. ఇంటర్ తప్పితే సప్లిమెంటరీ ఉందని, మనసు కుంగితే ఇంట్లోనో టీచరుకో చెప్పుకోవచ్చని, టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చెయ్యవచ్చని ఫలితాల రోజున చెబితే చెవికెక్కదు. అది ఏడాది పొడవునా అలవాటు చెయ్యాల్సిన పాఠం. పిల్లలకిచ్చే ఆసరాను కొద్దికొద్దిగా తగ్గించడమే కాదు, బెదిరిపోయినవాడికి మళ్లీ మొదటినుంచీ ఇవ్వడం కూడా చదువు చెప్పడంలో భాగమే.