అప్పునకు ముందు అడుగవలసిన మాట



కళ్యాణ నగరమున బిజ్జలుని కొలువులో బసవేశ్వరుడు భండారి పదవిని నిర్వహించెను. రాజ్యపు రాబడిని, వ్యయమును లెక్క చూచిన మహనీయుడు మనకు గురువు. కనుక ధర్మపత్రికలో అప్పు వడ్డీల ప్రసంగమేల యని ఎవరును ముఖము చిట్లింపనక్కరలేదు. కాయకమునకు పెట్టుబడి కావలసినప్పుడు మనవాడు ఎవరి మాటను నమ్మవలెను? నేటి విషయమిదియే.

ఆయ్దక్కి మారయ్య కథ మీరెరిగినదే. రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట ఆయన కాయకము. ఒకనాడు నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ తెచ్చెను. ఇల్లాలు లక్కమ్మ సంతోషింపలేదు. మనకింత యేల, మిగిలినది తెచ్చిన చోటనే పోసి రమ్మని పంపెను. దీనిని ఆశ లేనితనమునకు నిదర్శనముగా చెప్పుకొందుము. నాకు దానిలో మరియొకటి కనబడుచున్నది. ఆ బియ్యము ఇంట నుండిన లక్కమ్మకును లాభమే. అయినను వలదన్నది. తన లాభమునకు ఎదురుగా చెప్పిన మాట గనుకనే అది నమ్మదగిన సలహా.

కొన్నియేండ్ల క్రిందట కోసిగిలో నా పూర్వవిద్యార్థి యొకడు పిండిమర పెట్టదలచి నాయొద్దకు వచ్చెను. మూడు లక్షల ముద్ర రుణము ఇప్పింతునని ఒక మధ్యవర్తి పదునైదు వేలు ముందుగా అడిగెనట. ఆ మనిషిని నేనెరుగుదును. నొసట విభూతి, మెడలో లింగము, మఠపు పనులలో ముందుండువాడు. "మనవాడే, ఇమ్ము" అంటిని. కుర్రవాడు తల్లి కమ్మలు కుదువబెట్టి ఇచ్చెను. రుణము రాలేదు, పైకమును తిరిగి రాలేదు. ఆ తల్లి నేటికిని బజారులో కనబడిన "ఏం సారూ, బాగుండారా?" అని పలుకరించును. తిట్టినను ఇంత బాధ యుండెడిది కాదు.

లింగమును చూచితిని గాని నడతను విచారింపనైతిని. 2015 ఏప్రిల్ 8న ఆరంభమైన ముద్ర పథకమునకు మధ్యవర్తులే లేరు. శిశు తరగతిలో 50,000 వరకు, కిశోర్‌లో 5 లక్షల వరకు, తరుణ్‌లో 10 లక్షల వరకు తాకట్టు లేకుండ రుణమునకు నేరుగా బ్యాంకు శాఖలోనే దరఖాస్తు చేసికొనవచ్చును. తరుణ్ రుణమును సక్రమముగా తీర్చినవారికి 2024లో ఈ పరిమితి 20 లక్షలకు పెరిగినది. ఇంతమాత్రము తెలిసికొనక పంతులునై సలహా ఇచ్చితిని.

కమ్మలు విడిపించుటకై అతడు రోజువారీ అప్పునకు సిద్ధపడెను. పదివేలు వ్రాసికొని తొమ్మిదివేలు చేతికిత్తురు. దినమునకు నూరు చొప్పున నూరు దినములు కట్టవలెను. "నూటికి పదే గదా సార్" అనెను. ఈసారి నోటిమాటతో విడువక కాగితముపై లెక్క వేసితిమి. చేతికి వచ్చినది తొమ్మిదివేలు. అదియు నూరు దినములు మనయొద్ద నిలువదు, దినదినము తరిగిపోవును. సంవత్సరమునకు లెక్కించిన వడ్డీ నూటికి డెబ్బది యైదుకు పైబడినది. అతడు చాలసేపు మాటాడలేదు. కమ్మలకు సగము నేనిచ్చితిని. మిగిలిన సగము అతడు నాచేత ఇయ్యనీయలేదు.

ఇట్టి లెక్క బ్యాంకు రుణమునకును అడిగి తీసికొనవచ్చును. 2024 అక్టోబరు 1 నుండి వ్యక్తులకును, చిన్న పరిశ్రమలకును ఇచ్చు క్రొత్త కాలపరిమితి రుణములన్నిటికి ముఖ్యాంశముల పత్రము ఇయ్యవలెనని రిజర్వు బ్యాంకు నిర్ణయించినది. ఖర్చులన్నియు కలిపిన సంవత్సరపు వడ్డీ అందుండును. రుణగ్రహీతకు అర్థమగు భాషలో అది యుండవలెను. ఆ పత్రము చూడకముందు సంతకము చేయకుడు.

పొరుగుననున్న ఎమ్మిగనూరును చూడుడు. నూలు అరువిచ్చువాడు, బట్ట కొనువాడు, ధర చెప్పువాడు ఒక్కడే యైనచో నేతగానికి మంచిమాట చెప్పువారెవరు? 1938లో మాచాని సోమప్పగారు అచట చేనేత సహకార సంఘమును నెలకొల్పిరి. సహకార సంఘములో లాభనష్టములు సభ్యులవే గనుక చెప్పువాడు, వినువాడు ఒకే పడవలోనుందురు. పొదుపు సంఘములున్న మన ఆడుబిడ్డలు దీనిని మనకంటె బాగుగనెరుగుదురు.

రెండవమారు బ్యాంకునకు పోవుటకు ముందు ఆ కుర్రవాని ఇంటనే కూర్చుంటిమి. తల్లి రొట్టెలు కాల్చుచు అంతయు విని, "ఒక్క మరకు మూడు లచ్చలు ఏమిటికి రా?" అనెను. ఆ ప్రశ్న మధ్యవర్తి అడుగలేదు, అప్పు పెరిగినకొలది వాని రుసుము పెరుగును. నేనును అడుగలేదు. మర ధర, కరెంటు కనెక్షను, గది బాడుగ ఒక్కొక్కటిగా వ్రాసి కూడితిమి. లక్షా డెబ్బదివేలు తేలినది. మరునాడు ఆ కాగితము పట్టుకొని అతడొక్కడే బ్యాంకునకు పోయెను.