తాడు విసిరే ముందు చెప్పిన ధర

ఆపదలో ఉన్నవాడికి సాయం చేసి డబ్బు తీసుకోవడం తప్పా? తప్పేనని చాలామంది వెంటనే అనేస్తారు. పళవేర్కాడు వెళ్ళొచ్చాక నేను అంత తొందరగా అనలేకపోతున్నాను.

పులికాట్ సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రలోనే ఉన్నా, అది సముద్రంలో కలిసే ఈ ఊరు తమిళనాడులో, చెన్నైకి ఉత్తరాన ఉంది. ఆఫీసు స్నేహితుడి పెళ్ళికని, నీళ్ళ అవతల ఉన్న కుప్పానికి పెళ్ళివాళ్ళు మాట్లాడిన పడవలో బయల్దేరాం. ఆరుగురం, అందులో ఒక ఏడేళ్ళ పిల్ల. మధ్యలో ఇంజను ఆగింది. పంకాకి ఎవరిదో తెగిన వల చుట్టుకుంది. పడవతను దాన్ని కోసి తీశాడు గానీ ఇంజను మళ్ళీ అందుకోలేదు. పులికాట్ లోతు తక్కువే, చాలాచోట్ల మనిషి నిలబడొచ్చు. అలాగని దిగి నడవలేం, అడుగంతా బురద. 2011 క్రిస్మస్ రోజున ఇక్కడే పడవ బోల్తా పడి 22 మంది పోయారని మాలో అందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

గంటన్నరకి ఒక చేపల పడవ వచ్చింది. అందులోని పెద్దాయన తాడు విసరకముందే 1,500 అన్నాడు. "ప్రాణం మీదికొస్తే బేరమేంట్రా" అని మావాడొకడు నాతో గొణిగాడు. పెద్దాయన తెలుగులోనే బదులిచ్చాడు: "బేరం కాదు నాయనా, నా పాడు పోతాది."

పాడంటే నాశనం కాదు. అక్కడి జాలరులు ఏ రోజు ఎవరు ఎక్కడ వల కట్టాలో వంతులు వేసుకునే పాత కట్టుబాటు పేరది. వంతు తప్పితే మళ్ళీ వచ్చేదాకా ఆగాల్సిందే. డబ్బు ఒడ్డుకు చేరాకే ఇచ్చాం. మేం ఎగ్గొట్టి ఉంటే ఆయన చేయగలిగింది పెద్దగా ఏం లేదు.

సముద్ర చట్టం ఈ చిక్కుని ఒకలా తేల్చింది. 1989 నాటి అంతర్జాతీయ సాల్వేజ్ ఒప్పందం ప్రకారం ఓడనో సరుకునో కాపాడినవాడికి ప్రతిఫలం ఉంటుంది. ప్రాణం దక్కినవాడు మాత్రం దానికి ఏమీ ఇవ్వక్కర్లేదు. వినడానికి గొప్పగానే ఉంది. కానీ పెట్టెని కాపాడితే కూలి, పిల్లని కాపాడితే పుణ్యం అన్నమాట! ప్రాణానికి వెల కట్టకూడదన్న మన మర్యాదకి అయ్యే ఖర్చు కాపాడినవాడి నెత్తిన పడుతోంది.

మావాడు కేరళ సంగతి తెచ్చాడు. 2018 ఆగస్టు వరదల్లో జాలరులు సొంత పడవల్ని లారీలకెక్కించి తెచ్చి జనాన్ని ఒడ్డున వేశారు. ప్రభుత్వం పడవకి రోజుకు 3,000 ఇస్తానంటే, తోటివాళ్ళని కాపాడినందుకు కూలేంటని వద్దన్నవాళ్ళున్నారు. నిజమే, గొప్పే. అయితే అది వాళ్ళంతట వాళ్ళు ఇచ్చింది, మనం అడిగి పుచ్చుకునేది కాదు. ఒక రోజు సెలవు పెడితే జీతం తెగని నాలాంటివాడు, ఆ పూట వేట మీద బతికేవాడికి ఉదారత నేర్పడం నాకు ఎబ్బెట్టుగా ఉంటుంది.

గట్టి అభ్యంతరం వేరే ఉంది. ఆ ధర పనికా, మా భయానికా? డీజిలుకీ పోయిన వంతుకీ సరిపడితే కూలి. చీకటి పడ్డాక అదే తాడు పదివేలైతే, ఆయన అమ్ముతున్నది పిల్ల ఏడుపుని. (వాన పడగానే రేటు పెంచే క్యాబ్ యాప్‌లకి కోడ్ రాసేది మా బిరాదరీయే. మేం దాన్ని డిమాండ్ అంటాం.) డబ్బు లేదని చెప్పి ఉంటే తాడు విసిరేవాడా అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. విసిరేవాడనే నా నమ్మకం. కానీ అలా నమ్మడం నాకు సుఖంగా ఉంటుంది కాబట్టి, దాన్ని సాక్ష్యంగా లెక్కేయను.

కేరళలో నాకు నచ్చింది ఇంకోటుంది. కాపాడినవాడూ బతికినవాడూ బేరమాడుకునే పని లేకుండా డబ్బు మూడో చోటు నుంచి వచ్చింది. జనాన్ని ఎక్కించుకునే పడవల దగ్గర రేవులో కొంత సొమ్ము పక్కన పెట్టి, ఆగిపోయిన పడవని లాక్కొచ్చినవాడికి పోయిన వంతు లెక్కన ఇవ్వడం అసాధ్యమేం కాదు. అప్పుడు కూడా వద్దనేవాళ్ళుంటారు. అది వాళ్ళిష్టం.