గాలి దారి

అమెరికాలో డెట్రాయిట్ నుంచి పాంటియాక్ ఊరి దాకా సాగే వుడ్‌వర్డ్ అవెన్యూకు దగ్గర్లో ఇద్దరు అన్నదమ్ములుండేవారు. తండ్రి పోయాక వాళ్లకు మిగిలింది 1966 నాటి షెవ్రొలే షెవెల్ కారు. ఏటా ఆగస్టులో ఆ రోడ్డు మీద పాత కార్ల జాతర జరుగుతుంది. 1995లో మొదలైన ఆ వేడుకకు వేల బండ్లు వస్తాయి.

"ఈసారి జనం మన బండి దగ్గర ఆగాలి" అంటూ తమ్ముడు బానెట్ మీద బిగించి ఇంజన్‌కు గాలి అందించే, ఉక్కు రేకుతో చేసిన స్కూప్ ఒకటి కొనుక్కొచ్చాడు. బానెట్ మధ్యలో సుద్దతో గీత గీసి, గ్రైండర్ అందుకున్నాడు.

"ఎందుకురా అది?" అన్నాడు అన్న.

"ఇంజన్‌కు చల్లగాలి కావాలన్నా. బానెట్ కింద గాలి సలసల కాగుతుంటుంది. మూడు డిగ్రీలు చల్లబడితే గాలి ఒక శాతం చిక్కబడుతుంది. చిక్కటి గాలితో ఎక్కువ పెట్రోలు మండించొచ్చు, బలం పెరుగుతుంది."

అందులో తప్పేమీ లేదు. అన్న ఒక్కటే అడిగాడు: "నువ్వు గీసిన చోట గాలి ఏం చేస్తోందో చూశావా?"

కారు ముందుకు పోతుంటే గాలి ఎదురుగా రాక ఎక్కడికి పోతుందన్నాడు తమ్ముడు. అన్న వాదించలేదు. అమ్మ అల్లికల బుట్టలోంచి ఎర్ర ఊలు తెచ్చి, జానెడు పోగులు కత్తిరించి, బానెట్ నిండా వరసలుగా టేపుతో అంటించాడు. తాను షెవెల్ నడుపుతూ, తమ్ముణ్ని మరో బండిలో పక్కనే రమ్మన్నాడు.

వేగం అందుకోగానే బానెట్ మధ్యలో పోగులన్నీ రేకును అంటుకుని బుద్ధిగా వెనక్కి సాగాయి. గాలి అక్కడ ఆగకుండా జారిపోతోంది. రేకును ఆనుకున్న పలుచని పొర మాత్రం నెమ్మదిగా, బలం లేకుండా పాకుతోంది. పొట్టి స్కూప్ నోటికి అందేది ఆ పొరే. ముందు అద్దం మొదట్లో పోగుల తీరు వేరు. అవి లేచి, చుట్టు తిరిగి, కొన్ని ఎదురు తిరిగాయి. గాలి అద్దానికి కొట్టుకుని అక్కడ పోగుపడుతోంది, ఒత్తిడి పెరుగుతోంది. షెవ్రొలే వాళ్లు కూడా 1970 షెవెల్ ఎస్ఎస్‌లో బానెట్ వెనక, అద్దం వైపే గాలి లోపలికి వెళ్లే మూత పెట్టారు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే అది తెరుచుకునేది.

తమ్ముడు సుద్దగీత తుడిచేశాడు. ఇద్దరూ తుక్కు యార్డుకు వెళ్లి అలాంటిదే మరో బానెట్ తెచ్చారు. తండ్రి బానెట్‌కు దుప్పటి చుట్టి గోడకు ఆనించారు. తెచ్చినదాన్ని తిరగేసి, అడుగున బలానికి పెట్టిన పట్టీలు తెగకుండా కోశారు. స్కూప్ నోరు అద్దం వైపు తిప్పి, ఇక్కడో చుక్క, అక్కడో చుక్కగా వెల్డింగ్ పెడుతూ, రేకు చల్లారేదాకా ఆగుతూ అతికించారు. మిల్లీమీటరు మందం రేకును ఒకే ఊపులో కాలిస్తే ఉబ్బి వంకర పోతుంది. చివరగా స్కూప్‌కూ ఎయిర్ క్లీనర్‌కూ మధ్య చుట్టూ ఫోమ్ పెట్టి సందు మూశారు. అది లేకపోతే ఇంజన్ మళ్లీ బానెట్ కింది వేడిగాలినే పీల్చేది.

నీతి: దేన్నైనా మార్చదలిస్తే ముందు అది పనిచేస్తుండగా చూడాలి, కోత తర్వాత.

తమ్ముడికి తెలిసినది అబద్ధం కాదు, ఏ ఇంజన్‌కైనా వర్తించే నిజమే. తన కారు బానెట్ మీద ఏం జరుగుతోందన్నది మాత్రం ఆ నిజంలో లేదు. చదువుకున్నవాళ్లం ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే అని నా నమ్మకం. అందం కోసం స్కూప్ పెట్టుకుంటే తప్పు పట్టను. 1965 పాంటియాక్ జీటీఓ కారు స్కూప్ ఫ్యాక్టరీ నుంచి మూసుకునే వచ్చింది, దాన్ని తెరిచే కిట్ తర్వాత డీలర్ల దగ్గర దొరికింది. అయితే అందానికి పెట్టుకున్నది బలం ఇస్తుందని మనల్ని మనం నమ్మించుకుని, దానికోసం తిరిగిరాని రేకును కోయడం నాకు నచ్చదు. ఈ కథలో ఊలు పోగుల కన్నా నాకు ఎక్కువ నచ్చింది తుక్కు యార్డు ప్రయాణమే. లెక్క సరిపోయిందని తెలిశాక కూడా ఆ అన్నదమ్ములు తండ్రి బానెట్ మీద గ్రైండర్ పెట్టలేదు.