ముల్లు తగులుకొనే చోటు

నాయన వదిలివెళ్ళిన గ్రామఫోను రికార్డులు కొన్ని కోయంబత్తూరులో నా దగ్గర, కొన్ని మదురైలో అక్క దగ్గర ఉన్నాయి. పోయిన నెల మనవరాలు నా ఫోనులో డిస్కాగ్స్ అనే యాప్ పెట్టింది. ఉన్న రికార్డులన్నిటికీ అందులో పట్టిక రాసుకోవచ్చు, కావలసినవారికి అమ్మనూవచ్చు. 2000లో అమెరికాలో కెవిన్ లెవాండోవ్‌స్కీ అనే ఆయన ఎలక్ట్రానిక్ సంగీతం కోసం మొదలుపెట్టిన చిట్టా అది. ఇవాళ అన్నిరకాల సంగీతమూ అందులో చేరింది. సీడీలకైతే అట్టమీది బార్‌కోడ్ చూపిస్తే చాలు. మన 78లకు అదెక్కడిది? లేబిలు మీది నంబరు, పాట పేరు నేను చదివితే పిల్ల కొట్టింది. ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది గాని అక్షరాలు రావు. మన ఊళ్ళలో ఇది కొత్త సంగతి కాదు గనుక దాని మీద ఇంకొక వ్యాసం రాయను.

చిక్కు వేరేచోట వచ్చింది. అమ్మే రికార్డు ఏ స్థితిలో ఉందో చెప్పడానికి మెట్లున్నాయి, 'మింట్' మొదలు 'పూర్' దాకా. 'గుడ్' అంటే మంచిదనుకునేరు. అది కిందిమెట్లలో ఒకటి: గరగరమంటుంది, కాని ముల్లు దూకకుండా చివరిదాకా పాడుతుంది. రోగిని చూసివచ్చి 'బాగానే ఉన్నాడు' అంటామే, ఆ బాగు. ముల్లు ఒకేచోట తగులుకొంటే మాత్రం 'పూర్'.

మా 'అగ్గిరాముడు' రికార్డు అటువంటిది. 1954లో మా కోయంబత్తూరు పక్షిరాజా స్టూడియో వారి చిత్రం అది. శ్రీరాములు నాయుడు దర్శకుడు, సుబ్బయ్య నాయుడు సంగీతం. తమిళంలో 'మలైక్కళ్ళన్'గా ఎం.జి.ఆర్., తెలుగులో ఎన్.టి.రామారావు. మన ఊరిలో పుట్టిన తెలుగు పాట అని నాయన వచ్చినవాళ్ళకల్లా వేసి వేసి అరగదీశాడు. ఘంటసాల భగవద్గీత ఎల్.పి. మాత్రం చెక్కుచెదరలేదు, ఇంట్లో ఎవరైనా పోతే తప్ప తీసేవాళ్ళం కాదు. యాప్ లెక్కలో అది పైమెట్టు, ఇది అడుగుమెట్టు. లెక్క తప్పనలేను. కొనేవాడికి మా నాయన ముచ్చటతో ఏం పని? ముల్లు దూకుతుందా లేదా అన్నదే కావాలి. 'పూర్' అన్నది నిజమే. మొత్తం నిజం కాదనే నా బాధ. అంతమాత్రాన అబద్ధం చెప్పే హక్కు వస్తుందా?

వచ్చినట్టే 'గుడ్' అని నొక్కాను. రెండురోజుల్లో విజయవాడ నుంచి ఒకాయన అడిగాడు. నా పెట్టెలో పడివుండడం కంటే తెలుగు చదివేవాళ్ళ ఇంట్లో ఉండడం మేలని సమాధానపడ్డాను. అక్కకు ఫోను చేశాను.

"నాయన రికార్డు అమ్మేదానికి ముందు నన్నడిగితివా?"

"అడగలేదక్కా."

"పోనీ, ముల్లు తగులుకొనే చోటు ఆయనకి చెప్పితివా?"

"లేదు."

"చెప్పు. అక్కడ నాయన వేలితో మెల్లగా నెట్టేవాడు. అదీ చెప్పు."

అమ్మమన్నదో వద్దన్నదో నాకు తెలియలేదు. మెట్టు 'పూర్' అని మార్చి, వివరం రాసే ఖాళీలో తగులుకొనే చోటు, వేలితో నెట్టే సంగతి రెండూ రాశాను. విజయవాడ ఆయన ఇంకా జవాబు రాయలేదు.