పాత కారు, మన పరువు

మైత్రీవనం రోడ్డు మీద కోచింగ్ సెంటర్ల బోర్డులెన్నో, కొత్త కార్లూ అన్ని. గూడేల నుంచి, తండాల నుంచి చదువుకోడానికి వచ్చిన మన పిల్లలు కారును బట్టి మనిషిని లెక్కగట్టడం ఇక్కడే నేర్చుకుంటారు. ఉద్యోగం రాగానే కొందరు వాయిదాల మీద కారు తెస్తారు. అదే రోడ్డు మీద ఇంకొకరు రంగు వెలిసిన మారుతి 800లో తలెత్తుకుని పోతుంటారు. 2014లోనే తయారీ ఆగిపోయిన బండి అది. ఆ గర్వానికి అర్థం ఉందా?

ఉంది. ఇల్లందు నుంచి ఐదుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన గుమ్మడి నర్సయ్య గారు సైకిల్ మీద తిరిగారు. దానివల్ల ఆయన పరువు తగ్గలేదు. పరువు బండిలో ఉండదు, ఆడంబరానికి లొంగని మనిషిలో ఉంటుంది.

అలాగని లేమిని పొగడకూడదు. రోగిని డోలీలో మోయాల్సిన కొండ ఊళ్లు మనకింకా ఉన్నాయి. అక్కడికి పాత జీపు వచ్చినా ఒక ప్రాణం నిలబడుతుంది. గర్వానికి హద్దు కూడా ఉండాలి. 15 ఏళ్లు దాటిన కారుకు ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు. బ్రేకు పడని బండి నడపడం ఎదుటివాళ్ల ప్రాణంతో ఆడుకోవడమే.

కాబట్టి బండి పాతదా కొత్తదా అని కాదు, అందులో ఎవరిని ఎక్కించుకుంటున్నామని అడుగుదాం. పంజాగుట్ట నిమ్స్‌కు ఊరి నుంచి వచ్చిన పెద్దమ్మను ఎక్కించుకోడానికి సిగ్గుపడితే, ఎంత కొత్త కారైనా మనల్ని చిన్నబుచ్చినట్టే. ఆమెను పక్కన కూర్చోబెట్టుకున్న పాత కారైతే గర్వంగానే నడపొచ్చు.